అవతలివాడి కాలం

వకీలు తన గొప్ప తాను చెప్పుకోకూడదు. మన దేశంలో ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో 36వది, వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోవడాన్నీ, మధ్యవర్తుల్ని పెట్టి కేసులు రాబట్టుకోవడాన్నీ నిషేధిస్తుంది. గుమ్మానికి తగిలించే బోర్డు కూడా మరీ పెద్దదిగా ఉండకూడదంటుంది. 2008లో దీన్ని కొంచెం సడలించారు. పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు అన్నంతవరకు వెబ్‌సైటులో పెట్టుకోవచ్చన్నారు. అందుకే మన లా ఫర్ముల వెబ్‌సైట్లు తెరవగానే ముందు ఒక పెట్టె అడ్డం వస్తుంది. ఇది ప్రకటన కాదు, మీ అంతట మీరే వచ్చారు, ఒప్పుకుంటేనే లోపలికి రండి అని దాని సారాంశం.

ఒప్పుకుని లోపలికి పోతే ఒక్కో వకీలుకూ ఒక్కో పేజీ ఉంటుంది. ఫోటో, నల్లకోటు, కింద నాలుగైదు వాక్యాలు. మా చిన్నాయన కూతురుకి కూడా ఇప్పుడు అట్లాంటి పేజీ ఒకటి ఉంది. ఖాజీపేటలో పుట్టి, కడపలో ఇంటర్ చదివి, ఐదేళ్ల లా కోర్సు చేసి, హైదరాబాదులో ఒక ఫర్ములో వివాదాల విభాగంలో పనిచేస్తోంది. పేజీ ఇంగ్లీషులో ఉంది కాబట్టి చిన్నాయన నన్ను చదివి చెప్పమన్నాడు. వాణిజ్య వివాదాల్లో అనుభవం, ఆర్బిట్రేషన్లలో వాదనలు, హైకోర్టులోనూ కంపెనీ లా ట్రిబ్యునల్లోనూ హాజరు, ఒక మౌలిక వసతుల సంస్థ తరఫున, ఒక బ్యాంకు తరఫున... తెలుగులో చెప్పుకుంటూ పోయాను. అంతా విని ఆయన ఒకటే అడిగాడు. "సరే అబ్బీ, అవతల ఎవురుండిరి?"

పేజీలో అది లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. క్లయింటు పేరే బయటపెట్టకూడనప్పుడు ఎదుటివాడి పేరు ఎక్కడి నుంచి వస్తుంది? కానీ ఆ ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు. ఒక వకీలు వృత్తి జీవితాన్ని రాయాల్సి వస్తే ఏం రాయాలి? చదువు, కోర్టులు, గెలుపులు సరే. ఇంకొకరి తరఫున పోట్లాడటమే పని అయినప్పుడు, ఆ పోట్లాటలో అవతలివాడికి ఏమైందన్నది ఆ మనిషి ఖాతాలోకి వస్తుందా, రాదా?

*

ఈ ప్రశ్నకు పాత రూపం ఒకటుంది. తప్పు చేశాడని తెలిసికూడా వాడి తరఫున ఎట్లా వాదిస్తారు అని. దీనికి వకీళ్ల దగ్గర మంచి జవాబే ఉంది. ఆ జవాబు సరైనదనే నేనూ అనుకుంటాను కాబట్టి ముందు దాన్ని చెప్పాలి.

1840లో లండన్లో లార్డ్ విలియం రసెల్ అనే వృద్ధుణ్ణి ఆయన నౌకరు కూర్వోజియే చంపాడని కేసు. విచారణ సగంలో ఉండగా నౌకరు తన వకీలు చార్లెస్ ఫిలిప్స్‌ని పిలిచి, చంపింది నేనే, అయినా నువ్వు నా తరఫున వాదించాల్సిందే అన్నాడు. ఫిలిప్స్ వాదించాడు. నౌకరుకు ఉరి పడింది. ఆ తర్వాత పత్రికలు ఫిలిప్స్‌ని ఏళ్ల తరబడి దుమ్మెత్తిపోశాయి. అయితే కాలక్రమంలో వృత్తి నిలబడింది ఫిలిప్స్ పక్షానే. మన బార్ కౌన్సిల్ నియమాల్లో 15వది కూడా అదే చెబుతుంది. నిందితుడు దోషి అని వకీలు సొంతంగా ఏమనుకున్నా సరే, కేసు చేపట్టాక వాదించాలి. చాలినంత సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదనే చట్టానికే అతని విధేయత.

మన సాహిత్యంలో దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సౌజన్యారావు పంతులు. కన్యాశుల్కమంటే అసహ్యించుకునే మనిషి ఆయన. ఆయన ఆదుకునేది ఎవర్ని? డబ్బు పోసి చిన్నపిల్లను కొనుక్కుని పెళ్లాడాననుకున్న ముసలి లుబ్ధావధాన్లుని. లుబ్ధావధాన్లు చేసినది తప్పే. కానీ అతని మీద మోపింది ఆ తప్పు కాదు, చెయ్యని హత్య. మనిషి మీద మనకున్న ఏవగింపునీ, మనిషి మీద మోపిన నేరాన్నీ విడదీసి చూడగలగడమే వకీలుతనం అని గురజాడ ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా చూపించాడు.

ఆ విడదీత లేకపోతే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో దిశ ఘటన జరిగినప్పుడు, నిందితుల తరఫున ఎవరూ వాదించకూడదని షాద్‌నగర్ వకీళ్లు నిర్ణయించుకున్నారు. అట్లాంటి తీర్మానాలు చెల్లవని, రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు మహమ్మద్ రఫీ కేసులో 2010లోనే చెప్పి ఉంది. డిసెంబరు 6న నలుగురూ ఎన్‌కౌంటర్లో చనిపోయారు. పోలీసులు చంపాలనే కాల్చారని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. వకీలు ఒక్కడుంటే వాళ్లు బతికేవాళ్లని చెప్పలేను. కానీ వకీలు పక్కకు తప్పుకున్న చోట మిగిలేది ఆగ్రహమూ తుపాకీ మాత్రమేనని చెప్పగలను.

కాబట్టి 'వాడి తరఫున ఎట్లా వాదించావు' అన్న ప్రశ్నను నేను ఏ వకీలునూ అడగను. మా చెల్లెల్నీ అడగను.

*

ఇక్కడొక మెలిక ఉంది. ఈ జవాబు పుట్టింది క్రిమినల్ కోర్టులో. అక్కడ ఒకవైపు రాజ్యం, దాని పోలీసులు, జైళ్లు, ఉరికంబం. రెండోవైపు ఒంటరి మనిషి. ఆ మనిషి ఎంత చెడ్డవాడైనా ఆ క్షణాన బలహీనుడే. వకీలు అడ్డం నిలబడేది బలానికి. నక్సలైట్ల మీద పెట్టిన కుట్ర కేసుల్లో వాదించిన కె.జి. కన్నబిరాన్ చేసిందీ అదే.

సివిల్ కోర్టులో ఆ బొమ్మ మారిపోతుంది. అక్కడ ఇద్దరూ మామూలు మనుషులే కావచ్చు. లేదా ఒకవైపు కంపెనీ, ఇంకోవైపు బిల్లు రాని చిన్న కాంట్రాక్టరు కావచ్చు. అయినా వకీళ్లందరూ వాడే సమర్థన మాత్రం ఆ క్రిమినల్ కోర్టుదే. ఉరికంబం కిందున్న మనిషి కోసం తయారైన కవచాన్ని, బాకీ ఎగ్గొట్టే సంస్థ కూడా తొడుక్కుంటుంది.

అయితే మంచి వకీలంటే పేదల తరఫున వాదించేవాడని తేల్చేద్దామా? కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేసిన బొజ్జా తారకంని తల్చుకుంటే అట్లా అనాలనే అనిపిస్తుంది. ఆయన వృత్తి జీవితంలో పెద్ద వాక్యం గెలిచిన కేసు గురించి కాదు, వదిలేసిన పదవి గురించి. కానీ ఈ కొలత అందరికీ సరిపోదు. మన జిల్లా కోర్టుల్లో నలిగే దావాల్లో చాలావాటిలో వాదీ పేదే, ప్రతివాదీ పేదే. అన్నకీ తమ్ముడికీ గట్టు తగాదా. అన్నకీ చెల్లెలికీ వాటా తగాదా. ఇక్కడ వకీలు ఎవరి పక్షాన నిలబడితే మంచివాడు?

ఈ మాట ఊహించి అనడం లేదు. మా ఇంట్లోనే అట్లాంటి దావా ఒకటుంది.

*

నేను పుట్టిన 1988లోనే కడప కోర్టులో ఆ దావా పడింది. వేసింది మా జేజినాయన చెల్లెలు. మాకు అవ్వ అవుతుంది. చాపాడు పక్క పల్లెకు ఇచ్చారామెని. భర్త పోయాక, తండ్రి ఆస్తిలో తన వాటా తనకిమ్మంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం లెక్క ఇందులో కష్టమేమీ కాదు. తండ్రీ కొడుకుల ఉమ్మడి ఆస్తిలో తండ్రిది సగం. వీలునామా లేకుండా ఆయన పోతే ఆ సగంలో కొడుక్కీ కూతురుకీ చెరిసగం. అంటే మొత్తంలో నాలుగో వంతు. కె.సి. కాలవ కింద మాకున్నది ఆరెకరాల నలభై సెంట్లు. ఆమెకు రావాల్సింది ఎకరా అరవై సెంట్లు.

మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఆ దావా కట్ట ఇప్పటికీ ఉంది. ఆమధ్య దాన్నంతా తేదీల వారీగా కంప్యూటర్లో ఎక్కించాను. మా వైపు ప్లీడరు అబద్ధం చెప్పినట్టు ఎక్కడా కనపడదు. దొంగ సాక్షుల్లేరు, దొంగ పత్రాల్లేవు. ఉన్నదల్లా ఇంత. జవాబు దాఖలుకు గడువు కావాలని. గడువు మీద గడువు. ఆస్తి విలువ తక్కువ కట్టారు, కోర్టు ఫీజు చాలదని ఒక అభ్యంతరం. ఫలానా దాయాదిని పార్టీగా చేర్చలేదని ఒక అభ్యంతరం. పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఇచ్చింది లెక్కలోకి రావాలని జవాబు సవరించుకోవడానికి ఒక అర్జీ. ప్లీడరుకు వేరే కోర్టులో పని. ప్లీడరుకు జ్వరం. సాక్షి ఊర్లో లేడు. ఆ తొమ్మిదేళ్లలో సాక్ష్యం నడిచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1997లో ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. నాలుగో వంతు ఆమెదే అన్నారు. దాని మీద జిల్లా కోర్టులో అప్పీలు. అదీ పోతే హైదరాబాదు హైకోర్టులో రెండో అప్పీలు.

భాగపంపిణీ దావాలో ప్రిలిమినరీ డిక్రీ అంటే 'నీకు వాటా ఉంది' అని చెప్పడం మాత్రమే. ఆ వాటా ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా అన్నది తేలాలంటే కమిషనర్ వచ్చి కొలవాలి, ఫైనల్ డిక్రీ రావాలి. ఈ రెండంచెల పద్ధతి వల్ల గెలిచినవాడి చేతికి ఏమీ రావడం లేదని సుప్రీంకోర్టే 2009లో ఒక తీర్పులో బాధపడింది. ఈలోగా ఎవరైనా చనిపోతే 90 రోజుల్లోపల వారసుల్ని రికార్డులోకి తేవాలి. 2004లో జేజినాయన పోయాడు. మా నాయన, చిన్నాయన చేరారు. 2009లో అవ్వ పోయింది. ఆమె కొడుకులు చేరారు. 2013లో ఫైనల్ డిక్రీ వచ్చింది. ఎకరా అరవై సెంట్లకు ఇరవై ఐదేళ్లు.

ఆ ఇరవై ఐదేళ్లూ కాలవకు నీళ్లొచ్చిన ప్రతి ఏడూ ఆ భూమిలో వరో పసుపో పండింది. తిన్నది మేం. వాయిదా ఉన్న ప్రతిసారీ అవ్వ సద్ది కట్టుకుని మైదుకూరు మీదుగా కడపకు పోయేది. బస్సు ఖర్చు, ఆ రోజు కూలి, ప్లీడరు గుమస్తాకు టీ డబ్బులు. మధ్యాహ్నానికి కేసు పిలిచేవాళ్లు, తేదీ చెప్పేవాళ్లు, తిరిగొచ్చేది. హైకోర్టుకు పోయాక అదీ లేదు, ఉత్తరం కోసం ఎదురుచూడటమే.

మా జేజినాయన తన ప్లీడరు గురించి చెప్పే మాట మా నాయన ఇప్పటికీ తలుస్తాడు. "మంచి ప్లీడరురా. గెలిపీలేదు గానీ, బాగా లాగినాడు." ఈ మాట నేను విన్నంతలో మా జిల్లాలో ఒక వకీలుకు దొరికే పెద్ద మెచ్చుకోలు. ఏ ఫర్ము పేజీలోనూ దీన్ని రాయరు.

*

నా ఉద్యోగంలో దీనికి సరిగ్గా సరిపోయే జబ్బు ఒకటుంది. డినయల్ ఆఫ్ సర్వీస్ దాడి అంటాం. సర్వరు తాళం పగలగొట్టరు, దొంగ పాస్‌వర్డు వాడరు. సర్వరు జవాబివ్వాల్సిన మామూలు అభ్యర్థనలనే లక్షల్లో పంపుతారు. ఒక్కోదాన్ని విడిగా తీసి చూస్తే అందులో తప్పేమీ ఉండదు. అన్నీ కలిసి సర్వరును నిలబెట్టేస్తాయి. అసలు పని ఉన్నవాడు బయటే ఉండిపోతాడు. లాగ్ ఫైల్లో ఏ ఒక్క వరుసనీ చూపించి 'ఇదీ నేరం' అనలేం. నేరం వరుసల్లో కాదు, ఉద్దేశంలో ఉంటుంది.

మా ప్లీడరు వేసిన అర్జీలు అట్లాంటివే. ఒక్కోటీ చట్టబద్ధం. ఒక్కోదానికీ ఒక సెక్షను ఉంది. అన్నీ కలిపి చేసిన పని మాత్రం, చట్టం ఆమెదన్న భూమిని ఆమె బతికుండగా ఆమెకు చేరకుండా చూడటం.

అందుకే వకీలును తూచే తక్కెడ వేరే ఉందని నాకనిపిస్తుంది. ఎవరి పక్షాన నిలబడ్డావన్నది కాదు. గెలిచావా ఓడావా అన్నదీ కాదు. అవతలివాడి కాలాన్ని ఏం చేశావు? వాదనతో ఓడించావా, ఆయుష్షుతో ఓడించావా?

వాదనతో ఓడించడంలో అవమానం లేదు. మా ప్లీడరు పసుపు కుంకుమల మాట మీద గట్టిగా వాదించి, మొదటి ఏడాదిలోనే అవ్వను ఓడించి ఉంటే, ఆమె ఏడ్చేది, తిట్టేది, ఇంటికి పోయేది. జీవితంలో మిగతా ఇరవై ఏళ్లు ఆమె చేతిలో ఉండేవి. కూలి చేసుకునేదో, కొడుకుల్ని చదివించేదో, అన్నతో మళ్లీ మాట కలిపేదో. ఓటమి కూడా మనిషికి ఒక తెరిపి ఇస్తుంది. వాయిదా అదీ ఇవ్వదు.

*

దీనికి అభ్యంతరాలున్నాయి. ఒక్కోటీ బరువైనదే.

మొదటిది: ఆలస్యం కోర్టుది, వకీలుది కాదు. ఇందులో నిజం ఉంది. 2002 జూలై నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. తప్పనిసరి పరిస్థితుల్లో ఇవ్వొచ్చని 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు సందు వదిలింది. ఆ సందు ఇప్పుడు రహదారి. కానీ కావాలనుకుంటే గడియారం తిరుగుతుందని కూడా మనకు తెలుసు. 2015 వాణిజ్య కోర్టుల చట్టం కింద పడే పెద్ద మొత్తాల దావాల్లో, 120 రోజుల్లోపల జవాబు దాఖలు చేయకపోతే ఆ హక్కే పోతుంది. సుప్రీంకోర్టు 2019లో దీన్ని గట్టిపరిచింది. మామూలు దావాల్లో 90 రోజుల గడువు ఉంది గానీ, అది సాగుతుంది. అంటే కంపెనీల మధ్య బాకీకి ఒక గడియారం, చాపాడు అవ్వ ఎకరా అరవైకి ఇంకో గడియారం. ఇది వకీలు చేసిన అన్యాయం కాదు, ఒప్పుకుంటాను. కానీ గోడకు కన్నం ఉందన్నది, ఆ కన్నంలోంచి దూరినవాడికి సమర్థన కాదు.

రెండోది: క్లయింటు లాగమంటే లాగాలి కదా, లేకపోతే క్లయింటుకు ద్రోహం కాదా? 15వ నియమాన్ని చూపించేవాళ్లు అదే అధ్యాయంలో మొదట్లోనే ఉన్న 4వ నియమాన్ని అంతగా చూపించరు. వకీలు క్లయింటు నోరు మాత్రమే కాదు, క్లయింటు అన్యాయపు ఎత్తులు వేస్తుంటే ఆపడానికి ప్రయత్నించాలి, వినకపోతే ఆ కేసు వదులుకోవాలి అని అందులో ఉంది. రెండూ కలిపి చదివితే అర్థం ఒకటే. క్లయింటు కోసం భయపడకుండా వాదించు, క్లయింటు కోసం ఏదైనా చెయ్యకు.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది: ఆలస్యం బలహీనుడి ఆయుధం కూడా. రేపు ఇల్లు కూలగొడతారంటే ఇవాళ స్టే తెచ్చేది వకీలే. జలాశయం కింద ఊరు మునుగుతుందంటే, పరిహారం అందేదాకా ఆగండని కోర్టు తలుపు తట్టేది వకీలే. జమ్మలమడుగు వైపు గండికోట ముంపు గ్రామాలవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లకు ప్రతి వాయిదా ఒక రోజు ఎక్కువ సొంతూర్లో ఉండటం. ఇక్కడ కూడా వకీలు కాలాన్నే లాగుతున్నాడు. దీన్ని మెచ్చుకుని, దాన్ని ఎట్లా తప్పుపట్టేది?

నాకు తోచిన తేడా ఇది. పోతే తిరిగిరానిది ఎవరి దగ్గరుంది? కూలిపోయిన ఇల్లు తిరిగి రాదు, మునిగిన ఊరు తిరిగి రాదు. దాన్ని కాపాడటానికి ప్రభుత్వం ఆర్నెల్లు ఆగితే ప్రభుత్వానికి పోయేది తిరిగి రానిది కాదు. మా దావాలో భూమి ఎక్కడికీ పోదు, డబ్బు వడ్డీతో సహా తిరిగొస్తుంది. తిరిగిరానిది ఒక్కటే, అరవై దాటుతున్న మనిషి వయసు. మా ప్లీడరు లాగినది సరిగ్గా దాన్నే. తిరిగిరానిదాన్ని కాపాడటానికి కాలాన్ని ఆపడం ఒకటి, తిరిగిరానిదాన్ని హరించడానికి కాలాన్ని సాగదీయడం ఇంకొకటి. రెండింటికీ వాడే అర్జీ ఒకటే కావచ్చు.

ఇంకో సులువైన పరీక్ష కూడా ఉంది. వాయిదా అడిగే అసలు కారణాన్ని నిండు కోర్టులో పైకి చెప్పగలవా? 'ఇల్లు కూలగొడతారు, అందుకే ఆగాలి' అని చెప్పొచ్చు. 'ఆమె విసిగి వదిలేస్తుందేమోనని' అని చెప్పలేం. అందుకే జ్వరం వస్తుంది.

*

దూరం కూడా కాలమే. కడప కోటిరెడ్డి బారిస్టరు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ ఇంట్లో జరిగిన ఒడంబడిక మీద సంతకం చేసినవాళ్లలో ఆయనొకడు. రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదు, ఒకటి కోస్తాలో ఉంటే రెండోది రాయలసీమలో ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టు అమరావతిలో ఉంది. ఆ షరతు వెనక రాజకీయాలు ఎన్నయినా ఉండొచ్చు, ఇప్పుడూ ఉన్నాయి. కానీ కోర్టు ఎంత దూరముంది అన్నది న్యాయంలో భాగమేనని ఒక ఒప్పందంలో రాసుకున్న తరం మనకుండేది, అందులో కడప నుంచి పోయిన బారిస్టరూ ఒకడు. కోటిరెడ్డి ఎన్ని కేసులు గెలిచాడో మా ఊర్లో ఎవరికీ తెలియదు. కడపలో కోటిరెడ్డి సర్కిల్ మాత్రం అందరికీ తెలుసు.

*

ఇదంతా ఒకరోజు చెల్లెలికి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అన్నా, మీ యాప్‌లలో డబ్బులు కట్టేదానికి ఒక నొక్కు, కట్టింది మానుకునేదానికి ఏడు పేజీలు ఎందుకుంటాయి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అదీ అవతలివాడి కాలాన్ని తినడమే, విసిగి వదిలేస్తాడని ఆశపడటమే. తేడా ఏమిటంటే, మా రంగంలో దానికి ఇప్పుడొక పేరుంది. డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అట్లాంటివి 13 గుర్తించి, పేర్లు పెట్టి నిషేధించింది. పేరు పెట్టాక మా మీటింగుల్లో ఎవరో ఒకరు ఆ పేరెత్తి ఇది చెయ్యకూడదనగలుగుతున్నారు. కోర్టు వాయిదాల్లో దానికింకా పేరు లేదు. ఉన్న పేరు 'మంచి ప్లీడరు'.

ఆ సమాచారం దాగి ఉందా అంటే, లేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఏ కేసైనా తేదీ వారీగా చూడొచ్చు. వకీలు పేరుతో కూడా వెతకొచ్చు. ఏ తేదీన ఏ పనికోసం పెట్టారు, తర్వాత తేదీ ఎప్పుడు అన్నది వరుసగా ఉంటుంది. ఆ వాయిదా ఎవరడిగారు, ఎందుకడిగారు అన్న ఒక్క గడి కూడా అక్కడ కనపడేట్టు చేస్తే, ఒక వకీలు నిజమైన వృత్తి జీవితం ఫర్ము పేజీ కన్నా అక్కడ బాగా కనపడుతుంది. రాయడానికి పెద్ద ప్రోగ్రామేమీ కాదు.

చెల్లెలు నవ్వింది. "అట్ల పెడితే, ఎక్కువ వాయిదాలు అడిగినోళ్ల దగ్గరికే జనం పోతారు అన్నా" అంది.

ఈ మాటకు నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. ఆరు సారా కథలు రాసిన రావిశాస్త్రి స్వయంగా ప్లీడరు. కోర్టు చుట్టూ బతికేవాళ్లందరినీ ఆయన చూపించాడు. కానీ ఆ చుట్టు బయట నిలబడి వకాలత్ మీద వేలిముద్ర వేసే మనమూ అందులో ఉన్నాం. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లుకి దావాలు నేర్పింది ఏ వకీలూ కాదు. మా జేజినాయన 'లాగినాడు' అని మెచ్చుకున్నప్పుడు, ఆయన కొన్నది న్యాయ పరిజ్ఞానం కాదు, చెల్లెలి ఇరవై ఒక్క ఏళ్లు. ప్లీడరు అమ్మాడు నిజమే. అడిగి కొన్నది మన ఇల్లు.

కాబట్టి వకీలు పేజీలో ఏముండాలన్న ప్రశ్న సగం వకీళ్లది, సగం వాళ్ల గుమ్మం ఎక్కే మనది. కేసు ఇచ్చేముందు 'గెలుస్తామా సార్' అని అడుగుతాం. 'ఎన్నేళ్లు లాగొచ్చు సార్' అని కూడా అడుగుతాం, గొంతు తగ్గించి. రెండో ప్రశ్న అడగడం మానేస్తే మొదటిదానికి నిజాయితీగా జవాబు చెప్పే వకీళ్లు కడప కోర్టులోనూ ఉన్నారు, హైదరాబాదు ఫర్ముల్లోనూ ఉన్నారు. వాళ్లకు మనం ఇవ్వాల్సింది పొగడ్త కాదు, పని.